ఆంకా నెగెటివ్ వచ్చింది, మరి వాస్కులైటిస్ ఎలా అవుతుంది?

ప్రశ్న: మాది రాజమహేంద్రవరం. మా అమ్మకి 47 ఏళ్లు. తొమ్మిదేళ్లుగా ఆస్తమా ఉంది. ముక్కులో కండ పెరిగితే రెండుసార్లు ఆపరేషన్ చేయించాం. ఈ మధ్య ఎడమ పాదం పైకి లేవడం మానేసింది, నడుస్తుంటే చెప్పు జారిపోయినా తెలియడం లేదు. కుడిచేతి చివరి రెండు వేళ్లూ మొద్దుబారాయి. రక్తపరీక్షలో తెల్లకణాలు 16,000, వాటిలో ఈసినోఫిల్స్ 34 శాతం. కాలి నరం ముక్క తీసి పరీక్షించి ‘ఈజీపీఏ’ అనే వాస్కులైటిస్ (రక్తనాళాలు వాచే జబ్బు) అన్నారు. కానీ వాస్కులైటిస్‌లో రక్తంలో చూసే ఆంకా అనే యాంటీబాడీల పరీక్ష నెగెటివ్. ప్రెడ్నిసొలోన్ 50 మి.గ్రా. మొదలుపెట్టి ఆరు వారాలైంది. ఈసినోఫిల్స్ 1 శాతానికి దిగాయి. దగ్గు, కఫం మాత్రం పూర్తిగా పోలేదు. రక్తంలో కనిపించని యాంటీబాడీలు కఫంలో ఉంటాయట, కఫం పరీక్ష చేయించమని కెనడాలో ఉన్న అన్నయ్య పట్టుబడుతున్నాడు. అసలు జబ్బు పేరే తప్పు పడిందేమో? కఫం పరీక్ష ఎక్కడ చేస్తారు? కౌంట్ తగ్గింది కాబట్టి మాత్రలు ఆపేయవచ్చా?

సమాధానం: చివరి ప్రశ్నకే ముందు జవాబు. మాత్రలు ఆపకండి, ఒక్కరోజు కూడా. మూడు నాలుగు వారాలకు మించి ఈ మోతాదులో స్టెరాయిడ్ వాడినవాళ్లలో, కిడ్నీల పైన ఉండే అడ్రినల్ గ్రంథులు తమ సొంత హార్మోన్ తయారీని బాగా తగ్గించేస్తాయి. ఉన్నట్టుండి ఆపితే వాంతులు, విపరీతమైన నీరసం, బీపీ పడిపోవడం, ఒక్కోసారి ప్రాణాపాయం. వాంతులై మాత్ర కడుపులో నిలవకపోయినా ఆపినట్టే లెక్క. అలాంటప్పుడు మర్నాటి దాకా చూడకుండా ఆసుపత్రికి తీసుకెళ్లి ‘రోజూ స్టెరాయిడ్ వాడుతున్నారు’ అని మొదటి మాటగా చెప్పండి, హైడ్రోకార్టిసోన్ ఇంజెక్షన్ ఇస్తారు.

మందుల షాపులో ఒకటి లేకపోతే ఇంకోటి ఇచ్చే అలవాటు ఉంటుంది కనుక ఈ లెక్క రాసిపెట్టుకోండి: ప్రెడ్నిసొలోన్ 5 మి.గ్రా., మిథైల్‌ప్రెడ్నిసొలోన్ 4 మి.గ్రా., డిఫ్లాజకార్ట్ 6 మి.గ్రా. దాదాపు సమానం. మాత్రకి మాత్ర మార్చుకుంటే మోతాదు తప్పుతుంది.

కౌంట్ తగ్గింది కదా అంటారా? ఈసినోఫిల్స్ స్టెరాయిడ్‌కి గంటల్లోనే లొంగిపోతాయి. మీ అమ్మగారి మొదటి రిపోర్టు ప్రకారం అవి మైక్రోలీటరుకి 5,440 (16,000లో 34 శాతం). మామూలుగా 500 లోపు ఉండాలి. ఇప్పుడు 100కి అటూఇటూగా ఉండొచ్చు. అంటే మందు పనిచేస్తోందని అర్థం, జబ్బు పోయిందని కాదు. పాదాన్ని పైకెత్తే నరానికి రక్తం తెచ్చే సన్నటి నాళాలు వాచి మూసుకుపోవడం వల్ల ఆ నరం దెబ్బతింది. అది కోలుకోవడానికి నెలలు పడుతుంది. ఇంకో నరం దెబ్బతినడానికి మాత్రం ఒకట్రెండు రోజులు చాలు. అందుకే శాతం చూడకండి, తెల్లకణాల మొత్తాన్ని ఆ శాతంతో గుణించి వచ్చే అంకెనే ప్రతిసారీ తేదీతో రాసుకోండి. స్టెరాయిడ్‌కి ముందు తీసిన ఆ మొదటి రిపోర్టు పారేయకండి. ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా మీ దగ్గరున్న కాగితాల్లో అన్నిటికన్నా విలువైనది అదే.

ఇక జబ్బు పేరు గురించి. ఆంకా పరీక్ష పుట్టకముందే ఈ జబ్బుని గుర్తించారు. 1951లో న్యూయార్క్ మౌంట్ సైనాయ్ ఆసుపత్రిలో జేకబ్ చర్గ్, లొట్టె స్ట్రాస్ అనే ఇద్దరు పేథాలజిస్టులు 13 మంది రోగుల కేసుల్లో ఒకే తీరు చూశారు: తీవ్రమైన ఆస్తమా, రక్తంలోనూ కణజాలంలోనూ విపరీతంగా ఈసినోఫిల్స్, వాచిపోయిన రక్తనాళాలు. చాలాకాలం వాళ్ల పేరుతోనే చర్గ్-స్ట్రాస్ అన్నారు. 2012 నుంచి ఈజీపీఏ అంటున్నారు. ఆంకా యాంటీబాడీల సంగతి 1980లలో గానీ బయటికి రాలేదు. ఈజీపీఏ ఉన్నవాళ్లలో రక్తంలో ఆంకా కనిపించేది సుమారు 30 నుంచి 40 శాతం మందిలోనే. అంటే నెగెటివ్ రావడమే ఎక్కువ.

2022లో అమెరికా, యూరప్ రుమటాలజీ సంఘాలు కలిసి ఇచ్చిన పాయింట్ల పద్ధతి చూస్తే మీ అనుమానం ఇంకా తేలిగ్గా తీరుతుంది. ఈసినోఫిల్స్ 1,000 దాటితే 5 పాయింట్లు, ఆస్తమాలాంటి శ్వాస అడ్డంకికి 3, ముక్కులో కండకి 3, ఇలా విడివిడిగా నరాలు దెబ్బతినడానికి 1. మీ అమ్మగారికి ఇక్కడికే 12. బయాప్సీలో రక్తనాళాల బయట ఈసినోఫిల్స్ గుంపులుగా కనిపించి ఉంటే ఇంకో 2. కావలసింది 6. ఈ పట్టికలో ఆంకా నెగెటివ్ అయినందుకు ఒక్క పాయింటూ పోదు. పైపెచ్చు పీఆర్3 రకం ఆంకా పాజిటివ్ వస్తేనే 3 తగ్గిస్తారు, ఎందుకంటే అది జీపీఏ అనే ఇంకో వాస్కులైటిస్‌ని సూచిస్తుంది. ఈ పాయింట్లు రోగనిర్ధారణకి అడ్డదారి కావు, ఇలా కనిపించే మిగతా జబ్బుల్ని పక్కన పెట్టాకే వాడాలి. ఆ పక్కన పెట్టడం సరిగ్గా జరిగిందా అన్నది మాత్రం మీరు గట్టిగా అడగాల్సిన ప్రశ్న. దాని సంగతి కింద చెబుతాను.

ఇప్పుడు అన్నయ్య మాట. ఆయన చెప్పింది ఊహ కాదు. కెనడాలోని హామిల్టన్‌లో మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయంలో పరమేశ్వరన్ నాయర్, మానాలి ముఖర్జీల బృందం ఏళ్ల తరబడి కఫం మీదే పనిచేస్తోంది. వాళ్లు తీవ్రమైన ఈసినోఫిల్ ఆస్తమా ఉన్నవాళ్ల కఫంలో, ఈసినోఫిల్స్ లోపలుండే ‘ఈపీఎక్స్’ అనే ఎంజైమ్‌కి వ్యతిరేకంగా తయారైన యాంటీబాడీల్ని చూపించారు. 2018లో అచ్చయిన ఆ పరిశోధనలో అసలు ఆసక్తికరమైన సంగతి ఇది. కఫంలోంచి వేరుచేసిన యాంటీబాడీల్ని ప్రయోగశాలలో ఈసినోఫిల్స్ మీద వేస్తే ఆ కణాలు పగిలి లోపలి సరుకంతా వలలా బయటికి చిమ్మాయి.  ఆ చిమ్మడాన్ని డెక్సామెథసోన్ అనే బలమైన స్టెరాయిడ్ కూడా ఆపలేకపోయింది. ఆ తర్వాత ఇదే బృందం, రక్తంలో ఆంకా నెగెటివ్ ఉన్న ఈజీపీఏ రోగుల కఫంలో ఆంకా ఉండగలదని చూపించింది.

ఇది ఎలా జరుగుతుందో అర్థం చేసుకోవడానికి ఒక పొరపాటు అభిప్రాయం సరిదిద్దుకోవాలి. ఈ యాంటీబాడీలు శ్వాసనాళం గోడని గురిపెట్టి కొట్టేవి కావు. ఆంకా గురి న్యూట్రోఫిల్ అనే తెల్లకణం లోపలి ఎంజైముల మీద (ఎంపీఓ, పీఆర్3). ఈపీఎక్స్ యాంటీబాడీల గురి ఈసినోఫిల్ ఎంజైమ్ మీద. అయితే ఈ కణాలు గుంపులుగా చేరి చచ్చేది శ్వాసనాళాల్లో. వాటి లోపలి సరుకు జిగట కఫంలో ఇరుక్కుని అక్కడే ఉండిపోతుంది. ఏళ్ల తరబడి అలా ఉంటే, ఆ చుట్టుపక్కలకి చేరిన బీ-కణాలు దాన్ని పరాయి పదార్థంగా పొరబడి, అక్కడికక్కడే యాంటీబాడీలు తయారుచేస్తాయి. యాంటీబాడీ, ఎంజైమ్ కలిసిన ముద్దలు మళ్లీ కొత్త ఈసినోఫిల్స్‌ని రెచ్చగొడతాయి. మరింత సరుకు బయటపడుతుంది. ఇలా అదొక చక్రంగా తిరుగుతుంది. దెబ్బ తినేది మాత్రం చివరికి శ్వాసనాళపు పొరే. ఈ తయారీ అంతా స్థానికంగా జరిగితే రక్తంలో దాని జాడ ఉండకపోవచ్చు. ఊరి చెరువు నీళ్లు పరీక్షించి పెరటి బావి నీళ్ల సంగతి చెప్పలేం కదా, అలాంటిదే ఇది.

మరి కఫం పరీక్ష చేయించాలా? యాంటీబాడీల కోసమైతే వద్దు. అది ఇప్పటికీ పరిశోధనశాలలో చేసే పరీక్షే. ఎందుకు వద్దంటున్నామో కొంచెం వివరంగా చెప్పాలి, లేకపోతే ఎవరో ఒక ల్యాబ్ డబ్బు తీసుకుని కఫానికి ఆంకా రిపోర్టు ఇచ్చేస్తే మీరు నమ్మేస్తారు. హామిల్టన్ పద్ధతిలో 3, 4, 5 శాతం ఉప్పునీటి ఆవిరి వరసగా పీల్పించి కఫం రప్పిస్తారు. ఆ ఉప్పుకి శ్వాసనాళాలు బిగుసుకుపోయే ప్రమాదం ఉంది కాబట్టి ప్రతి మెట్టులోనూ ఊపిరి బలం కొలుస్తారు. వచ్చినదాంట్లో ఉమ్మిని వదిలి గట్టి కఫపు ముద్దల్ని మాత్రమే ఏరతారు. కఫాన్ని పలుచన చేయడానికి డీటీటీ అనే రసాయనం కలుపుతారు. కానీ అది యాంటీబాడీ గొలుసుల మధ్య ఉండే సల్ఫర్ బంధాల్ని కూడా తెంచగలదు. కాబట్టి ఆ తర్వాత యాంటీబాడీల్ని జాగ్రత్తగా వేరుచేసి పరీక్షించాలి. రక్తం సీరమ్ కోసం తయారైన ఆంకా కిట్‌లో కఫం పోస్తే వచ్చే అంకెకి ఎంత వరకు మామూలో, ఎంత దాటితే జబ్బో ఎవరూ స్థిరపరచలేదు. పైగా పాజిటివ్ వచ్చినా, నెగెటివ్ వచ్చినా మీ అమ్మగారి నరానికి ఇవ్వాల్సిన మందు మారదు.

చేయించాల్సిన కఫం పరీక్షలు వేరే ఉన్నాయి. దగ్గు తగ్గలేదు కాబట్టి టీబీ కోసం సీబీనాట్, మామూలు కల్చర్, ఫంగస్ కల్చర్ చేయించండి. రోజుకి 50 మి.గ్రా. స్టెరాయిడ్ మీద ఉన్న మనిషి కఫాన్ని ‘ఆ జబ్బుదేలే’ అని వదిలేయకూడదు. మీకు అందుబాటులో ఉన్న పెద్ద పల్మనాలజీ విభాగంలో కఫంలోని కణాల లెక్క చేస్తారేమో కూడా కనుక్కోండి. ఈసినోఫిల్స్ 3 శాతానికి మించి ఉంటే, రక్తంలో కౌంట్ దిగినా శ్వాసనాళాల్లో మంట ఇంకా ఉందని తెలుస్తుంది. న్యూట్రోఫిల్స్ విపరీతంగా ఉంటే ఇన్ఫెక్షన్ వైపు చూడాలి. ఈ రెండింటికీ మందులు పూర్తిగా వేరు.

ఇక పైన చెప్పిన పోలిక జబ్బులు. మన దగ్గర ‘ఈసినోఫిలియా’ అనగానే ఫైలేరియా మాత్రలు రాయడం పాత అలవాటు. ఫైలేరియా పాతుకుపోయిన గోదావరి జిల్లాల్లో దానికి కారణమూ ఉంది. ఫైలేరియా వల్ల వచ్చే ఊపిరితిత్తుల ఈసినోఫిలియా డీఈసీ మాత్రలు మూడు వారాలు వాడితే సాధారణంగా లొంగుతుంది. కానీ అది పాదం పడిపోయేలా చేయదు. నాకు ఎక్కువ భయం పుట్టించేది స్ట్రాంగిలాయిడిస్ అనే నులిపురుగు. ఒట్టికాళ్లతో తడిమట్టిలో నడిచినప్పుడు చర్మంలోంచి లోపలికి దూరుతుంది, ఏ లక్షణమూ లేకుండా దశాబ్దాలు ఉండగలదు. స్టెరాయిడ్ ఎక్కువ మోతాదులో ఇస్తే ఒళ్లంతా పాకి చంపేయగలదు. మామూలు మలపరీక్షలో తరచూ దొరకదు, ఒక్క ఆల్బెండజోల్ మాత్రతో నమ్మకంగా పోదు. దీనికి రక్తంలో యాంటీబాడీ పరీక్ష ఉంది, మందు ఐవర్‌మెక్టిన్. పరీక్ష దొరకని చోట చాలామంది డాక్టర్లు ముందుజాగ్రత్తగా మందే ఇచ్చేస్తారు. అమ్మగారికి ఇది జరిగిందా అని రేపే అడగండి. వీటితోపాటు ఆస్పర్‌జిల్లస్ ఫంగస్ అలర్జీ కోసం మొత్తం ఐజీఈ, ఆస్పర్‌జిల్లస్ ఐజీఈ కూడా చూసి ఉండాలి.

ఆంకా రిపోర్టు కూడా ఒకసారి తీసి చూడండి. మైక్రోస్కోపు కింద వెలుగు చూసే పద్ధతి ఒక్కటే చేశారా, ఎంపీఓ, పీఆర్3లకు విడిగా ఎలీసా కూడా చేశారా? 2017 నుంచి ఈ విడి పరీక్షలకే మొదటి స్థానం. విడిగా చేయకపోయి ఉంటే ఒకసారి చేయించడం సబబు, ఎందుకంటే ఆంకా ఉందా లేదా అన్నదాన్ని బట్టి ఏ అవయవం మీద కన్నేయాలో మారుతుంది. పాజిటివ్ ఉన్నవాళ్లలో కిడ్నీ, నరాలు, చర్మం ఎక్కువగా దెబ్బతింటాయి. నెగెటివ్ ఉన్నవాళ్లలో గుండె. ఈ ఒక్క కారణంగానే, ఇంకా చేయకపోయి ఉంటే, ఈసీజీ, ట్రోపోనిన్, ఎకో వెంటనే చేయించండి. వాటిలో ఏ చిన్న తేడా ఉన్నా గుండె ఎంఆర్ఐ అడగండి. ఈజీపీఏలో మరణాలకు పెద్ద కారణం గుండె కండరం దెబ్బతినడమే. తొలిదశలో ఆయాసం వస్తే ‘ఆస్తమాయేలే’ అని ఇన్‌హేలర్ పీల్చి ఊరుకోవడం సులువు. పడుకుంటే పెరిగే ఆయాసం, కాళ్ల వాపు, గుండెదడ ఉంటే ఆస్తమా అని సరిపెట్టుకోకండి.

కిడ్నీ కోసం నెలకోసారి మూత్రపరీక్ష, క్రియాటినిన్ చాలు. మూత్రం నురగలు కట్టినా, టీ డికాక్షన్ రంగులో వచ్చినా నెలదాకా ఆగకండి. కొత్తగా ఏ చెయ్యి, కాలు మొద్దుబారినా, కాళ్ల మీద నొక్కితే పోని ఎర్ర మచ్చలు లేచినా, భోజనం తర్వాత కడుపునొప్పి, మలంలో రక్తం, కఫంలో రక్తం, వీటిలో ఏది కనబడినా అదేరోజు ఆసుపత్రికి వెళ్లాలి.

మందుల విషయంలో మీరు రాయనిది ఒకటుంది: స్టెరాయిడ్‌తోపాటు ఇంకేమైనా ఇస్తున్నారా? నరాలు ఇలా ఒకదాని తర్వాత ఒకటి దెబ్బతినడాన్ని అమెరికా రుమటాలజీ సంఘం 2021 మార్గదర్శకాలు తీవ్రమైన జబ్బు కిందే లెక్కగడతాయి. దానికి స్టెరాయిడ్‌తోపాటు సైక్లోఫాస్ఫమైడ్ గానీ రిటుక్సిమాబ్ గానీ సూచిస్తాయి. పాదం పడిపోయిన మనిషికి ఆరు వారాలుగా ఒక్క స్టెరాయిడే నడుస్తుంటే ఎందుకని అడిగే హక్కు మీకుంది. రిటుక్సిమాబ్ యాంటీబాడీలు తయారుచేసే బీ-కణాల్ని తుడిచేస్తుంది. హైదరాబాద్‌లోని డాక్టర్ రెడ్డీస్ 2007లోనే దేశీయంగా దీన్ని తయారుచేసింది కాబట్టి మిగతా బయోలాజిక్‌లతో పోలిస్తే మన దగ్గర అందుబాటు ధరలో దొరుకుతుంది. ఇచ్చే ముందు హెపటైటిస్-బి పరీక్షలు రెండూ చేయాలి (ఉపరితల యాంటిజెన్, కోర్ యాంటీబాడీ), ఐజీజీ (రక్తంలోని ఒక ముఖ్యమైన యాంటీబాడీ) స్థాయి, టీబీ చూడాలి. ఫ్లూ, న్యూమోకాకల్ టీకాలు వీలైతే నెల ముందే వేయించాలి, తర్వాత వేస్తే అంతగా ఒంటికి పట్టవు. అయితే నరం వేగంగా పాడవుతుంటే టీకా కోసం మందు ఆపకూడదు.

మెపోలిజుమాబ్ అనే ఇంకో ఇంజెక్షన్ మందు, ఈసినోఫిల్స్‌ని పెంచే ఐఎల్-5 అనే ప్రొటీన్‌ని అడ్డుకుంటుంది. 2017లో 136 మంది మీద జరిపిన పరీక్షలో నాలుగు వారాలకోసారి 300 మి.గ్రా. ఇస్తే జబ్బు అణగి ఉండే కాలం పెరిగి, స్టెరాయిడ్ తగ్గించడం సాధ్యమైంది. ఆస్తమా మోతాదు 100 మి.గ్రా. యూరప్‌లో రోగుల రికార్డుల్ని పరిశీలిస్తే 100తోనూ చాలామందికి ఇంచుమించు అదే ఫలితం కనిపించింది. ఖర్చు భరించలేనివాళ్లు డాక్టరుతో మాట్లాడదగిన సంగతి ఇది. కానీ ఆ పరీక్షలో అవయవానికి, ప్రాణానికి ముప్పున్న దశలోని రోగుల్ని తీసుకోలేదు. కాబట్టి అమ్మగారికి ఇది ఇప్పటి మందు కాదు, నరాల దాడి ఆగాక ఆస్తమాని, స్టెరాయిడ్‌ని అదుపులో పెట్టడానికి ఆలోచించాల్సినది. కఫంలో యాంటీబాడీలు ఉన్నవాళ్లకి ఐఎల్-5 మందులు అంత బాగా పనిచేయకపోవచ్చని హామిల్టన్ బృందమే 2020లో చెప్పింది. అన్నయ్య చెప్పిన పరిశోధన ఎప్పటికైనా మందుల ఎంపికలో పనికొచ్చేది ఇక్కడే.

ఒకవేళ మెథోట్రెక్సేట్ రాస్తే అది వారానికి ఒక్కరోజే. పొరబాటున రోజూ వేసుకుంటే ఎముక మూలుగ దెబ్బతిని మనుషులు చనిపోతారు. చీటీ మీద ఏ రోజు వేసుకోవాలో ఆ రోజు పేరు రాయించుకోండి. ఊపిరితిత్తుల్లో నిమోసిస్టిస్ ఇన్ఫెక్షన్ రాకుండా కోట్రైమాక్సజోల్ ఇస్తున్నారేమో చూడండి. ఈ మోతాదు స్టెరాయిడ్ మీద అది ఉండాలి, కానీ మెథోట్రెక్సేట్‌తో కలిస్తే ప్రమాదం. రెండూ ఒకే చీటీలో కనిపిస్తే డాక్టరుకి గుర్తుచేయండి. కాల్షియం, విటమిన్-డి, పరగడుపున షుగరు, బీపీ, ఆరు నెలలకోసారి కళ్ల పరీక్ష మామూలే.

ఇన్‌హేలర్ ఆపకండి, పీల్చాక నోరు పుక్కిలించి ఉమ్మాలి. ముక్కు రోజూ రెండుసార్లు కడిగితే కఫం గొంతులోకి జారడం తగ్గి దగ్గులో కొంత భాగం అక్కడే పోతుంది. కాచి చల్లార్చిన పావు లీటరు నీళ్లలో అర టీస్పూన్ అయోడిన్ కలపని ఉప్పు, చిటికెడు వంటసోడా. బోరు నీళ్లు, కుళాయి నీళ్లు కాచకుండా ముక్కులోకి పోయకూడదు, అరుదుగానైనా మెదడుకి పాకే అమీబా ప్రమాదం ఉంది.

పాదానికి చీలమండని తొంభై డిగ్రీల్లో నిలిపే ఏఎఫ్ఓ పట్టీ ఈ వారమే కొలిపించండి. ఆలస్యమైతే మడమ వెనక కండరం కుంచించుకుపోయి, నరం తిరిగొచ్చినా పాదం లేవదు. రోజుకి మూడుసార్లు, తువ్వాలు పాదానికి వేసి మీ వైపు లాగి అరనిమిషం ఉంచాలి. అలా అయిదుసార్లు. స్పర్శ లేని కాలికి వేడినీళ్ల కాపడం పెట్టకండి, కాలినా తెలియదు. హవాయి చెప్పులు మాన్పించి వెనక పట్టీ ఉన్నవి తొడిగించండి. రాత్రి పడుకునే ముందు అరికాలు చూడండి. హైదరాబాద్ నిమ్స్‌లో రుమటాలజీ విభాగం ఉంది. అక్కడికి గానీ మీకు దగ్గర్లోని మరో రుమటాలజిస్టు దగ్గరికి గానీ వెళ్లేటప్పుడు బయాప్సీ రిపోర్టు ఒక్కటే కాక ఆ గాజు స్లైడ్లు, పారఫిన్ బ్లాకు కూడా ల్యాబ్ నుంచి అడిగి తీసుకెళ్లండి.